ఏ ఫోల్డరులోంచి?

పదకొండున్నర. అద్దాల గదిలో ఒకే కంప్యూటరు ముందు రెండు కుర్చీలు. ఒకదాంట్లో టెస్టింగ్ హెడ్, పక్కదాంట్లో ఆయన సొంత తమ్ముడి భార్య. ఆమె రాసిన కోడ్ పనికిరాదన్న రిపోర్టు మీద ఆయన పన్నెండింటికి సంతకం పెడితే ఆమె ఉద్యోగం పోయినట్టే.

"...పన్నెండు తప్పులు. లెక్కపెట్టుకో, పన్నెండు. ఇక నా ప్రాణం తియ్యకు."

"నా కంప్యూటర్లో ఒక్కటీ రావట్లేదు బావగారూ."

"ఆఫీసులో బావగారెవరూ లేరు. సార్ అను."

"సరే సార్. నా కంప్యూటర్లో రావట్లేదు సార్. పక్క సీటావిడ కంప్యూటర్లో రావట్లేదు సార్. కిటికీ దగ్గర కూర్చునే ఆయన..."

"ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లు నాకనవసరం. నా మిషన్‌లో నడిస్తేనే ఇక్కణ్ణుంచి ఏదైనా బయటికెళ్ళేది. తొమ్మిదేళ్ళుగా అదే పద్ధతి."

"అందుకే వచ్చి మీ మిషన్ ముందు కూర్చున్నాను."

"కూర్చుని ఏం ఒరగబెడతావు?"

"మందు మోతాదు లెక్కకట్టే ఫైలు నాది. మీ మిషన్ దాన్ని ఏ ఫోల్డరులోంచి తెచ్చుకుంటోందో చూడాలి."

"ఏ ఫోల్డరేమిటి, నువ్వు పంపిన ఫోల్డరులోంచే."

"చూడకుండానే?"

"చూసేదేముంది? ఇంపోర్ట్ అని ఫైలు పేరు రాశావు. మిషన్ వెళ్ళి ఆ పేరున్న ఫైలు తెచ్చుకుంటుంది. ఇదీ నేనే నేర్పాలా?"

"ఆ పేరుతో ఫైళ్ళు రెండుంటే?"

"ఉండవు."

"ఉంటే?"

"వెతికే వరసలో ఏ ఫోల్డరు ముందుంటే అందులోది తీసుకుంటుంది. ఉండవంటుంటే వినవేం?"

"అయితే ఆ వరస ఒకసారి చూద్దాం. ఒక్క లైను కొడితే వస్తుంది. కీబోర్డు ఇటివ్వండి."

"ముట్టుకోకు. చిన్నపిల్లల ఆస్పత్రికి వెళ్ళే ప్రోగ్రామ్ ఇది. నీ తిక్కలెక్కలతో ఏ పసిపిల్లకైనా డోసు ఎక్కువైతే జైలుకి నువ్వెళ్తావా, నేనెళ్ళాలా?"

"ఆ భయం నాకూ ఉంది. అందుకే చూద్దామంటున్నా."

"మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే అచ్చు. వాడూ ఇంతే. ఈ కుర్చీలోనే కూర్చుని నాది కరెక్టే, నాది కరెక్టే అని ఒకటే..."

"ఆయన సంగతి ఇప్పుడొద్దు."

"ఎందుకొద్దు? ఇదే ఫైలు రాసి రెండేళ్ళ కిందట ఉద్యోగం ఊడగొట్టుకున్నాడు. ఇవాళ్టికీ ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. తోడబుట్టినవాడని మొహమాటపడ్డానా? పడలేదు. నీ విషయంలోనూ పడను."

"పడొద్దు. ఆ లైను కొట్టండి. మీ చేత్తోనే కొట్టండి."

"కొడితే వెళ్తావా?"

"వెళ్తాను."

"ఇదిగో, కొట్టాను. వచ్చింది నీ వరస. కళ్ళు చల్లబడ్డాయా?"

"మొదటిది చదవండి."

"ఏవో ఫోల్డర్ల పేర్లు. ఉండాల్సినవే."

"మొదటిది చదవండి సార్."

"నా ఫోల్డరే. ఎప్పటిదో పాతది. అయితే ఏంటట?"

"లోపల ఏముంది?"

"ఏదో చెత్త."

"తెరవండి."

"తెరిస్తే ఏమవుతుంది, పాత... ఆగు. ఇదెలా ఉంది ఇక్కడ?"

"మోతాదు ఫైలేనా? తేదీ పక్కనే ఉంటుంది."

"నాలుగేళ్ళ కిందటిది. అప్పుడో ఆస్పత్రివాళ్ళు పీకల మీద కూర్చుంటే, ఆ పూట గడవడానికి ఒక కాపీ పెట్టుకున్నా. ముందు దీన్నే చూడమని మిషన్ సెట్టింగుల్లో ఒక లైను రాశా. తర్వాత తీసేద్దామని..."

"తియ్యలేదు."

"పనుల్లో పడి మర్చిపోయాను. మనిషన్నాక మర్చిపోడా?"

"అంటే ఈ మూణ్ణెల్లూ మీరు నడిపింది నా ఫైలు కాదు, మీ పాత కాపీ. నేనెన్నిసార్లు దిద్ది పంపినా సరిగ్గా ఆ పన్నెండే ఎందుకొస్తున్నాయో తెలిసిందా? రాత్రీపగలూ కూర్చుని నాలో లేని తప్పు కోసం వెతుక్కున్నాను. ఆ పన్నెండూ మీవి."

"గొంతు తగ్గించు. అందరూ ఇటే చూస్తున్నారు."

"చూడనివ్వండి. ఆ లైను తీసేసి మళ్ళీ నడపండి."

"తీస్తున్నా కదా... ఉండు... నడుస్తోంది."

"ఎన్ని తప్పులు?"

"లేవు."

"ఎన్ని?"

"సున్నా. సున్నా అంటున్నాగా. సరే, అయిపోయింది. రిపోర్టు చింపేస్తాను, నీ ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. ఈ సంగతి మాత్రం కడుపులో పెట్టుకో. వెళ్ళి నీ పని చూసుకో."

"ఇంకోటి నడపాలి. ఈ పెన్‌డ్రైవ్‌లో ఉంది."

"ఇదేంటి?"

"ఇదీ మోతాదు ఫైలే. రెండేళ్ళ కిందట పనికిరాదని మీరు రిపోర్టు రాసింది."

"అంటే... వాడిదా?"

"ఆయనదే. పెట్టండి."

"వద్దులే అమ్మాయ్. అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వడం."

"మీకు అయిపోయింది. మా ఇంట్లో ఇంకా అవలేదు. రెండేళ్ళుగా ఎక్కడికెళ్ళినా అక్కడెందుకు తీసేశారని అడుగుతారు, ఆయన తల దించుకుని వచ్చేస్తారు. పెట్టండి."

"నీకు దణ్ణం పెడతాను."

"ఫైలు పెట్టండి చాలు."

"పెట్టాను. నడుస్తోంది."

"ఎన్ని?"

"ఒక్కటీ లేదు."

"మళ్ళీ నడుపుతారా, నమ్మకం కుదిరిందా?"

"నాకు తెలీదమ్మా. నా పిల్లల మీద ఒట్టు, నాకు తెలీదు. తమ్ముడని వెనకేసుకురాకపోవడమే న్యాయమనుకున్నా. గర్వపడ్డాను కూడా. వాడికి... వాడికి నేనిప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మీరు చెప్పక్కర్లేదు. ఆయనకి తెలుసు."

"ఏం తెలుసు?"

"ఇదంతా. ఆఖరిరోజు మీ మిషన్‌లోంచి తన ఫైళ్ళు తీసుకుంటూ ఆ ఫోల్డరు చూశారట. లేకపోతే ఎక్కడ వెతకాలో నాకెలా తెలుస్తుంది?"

"రెండేళ్ళ నుంచీ తెలుసా వాడికి? మరి నా మొహాన కొట్టినట్టు చెప్పలేదేం?"

"చెప్తే ఊడేది మీ ఉద్యోగమట. అన్నయ్యకి ఇద్దరు పిల్లల చదువులున్నాయి, తనకా అప్పటికింకా పెళ్ళి కూడా కాలేదు, ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అనుకున్నారట. నాకూ చెప్పలేదు. నిన్న మీరు నా చేతిలో పెట్టిన నోటీసు చూశాక నోరు విప్పారు. అప్పుడైనా ఒకటే మాట: నీ ఫైలు నడిపించుకో, ఉద్యోగం నిలబెట్టుకో, నాది మాత్రం అక్కడ నడిపించకు, అన్నయ్య తట్టుకోలేడు అని."