బర్కా తోటలో మా షారోన్ రాజు వేషం

"ఆంటీ, బర్కాలో మీ షారోన్ ఒక్కత్తే రాజూ రాణీ అన్నీ అయ్యి పాడిందంట కదా. డ్యూటీలో సిస్టర్లందరూ అదే చెప్పుకుంటున్నారు. అసలేం జరిగింది?"

కూర్చో సౌమ్యా. టీ తాగు ముందు. నాకు ఎక్కువ మాట్లాడ్డం రాదు, నీకు తెలుసుగా. వార్డులో కూడా చెయ్యి చూపిస్తాను గానీ నోరు విప్పను. గొంతు బొంగురు మరి. చిన్నప్పుడు చర్చిలో పాట ఎత్తుకుంటే వెనకనుంచి ఎవరో "ఆ మగపిల్లాడెవరు" అన్నారు. అప్పట్నుంచి పెదాలు కదుపుతాను, అంతే. ముప్పయ్యేళ్ళు... కాదు, నలభై అయ్యుంటాయి.

షారోన్‌కి ఆ గొంతే వచ్చింది. నా రంగూ వచ్చింది. వాళ్ళ నాన్న తెలుపు. ఒమాన్ వచ్చి, అక్కడెక్కడో దుక్మ్ ఎండలో అన్నేళ్ళు పనిచేసి కూడా ఆయన ఇంకా నాకంటే తెలుపే. క్రిస్మస్ డ్రామా వచ్చిందంటే బాలయేసుని చూడ్డానికొచ్చే ముగ్గురు జ్ఞానుల్లో మా పిల్ల నల్ల రాజు. ప్రతి ఏడూ అంతే. ఒక్కసారి మరియమ్మని చెయ్యలేదు. ఆ నల్ల రాజు అంగీ కుట్టి ఇచ్చేది ఎవరనుకున్నావ్, నేనే. నాకప్పుడు ఏమీ అనిపించలేదు. ఏంటో మరి.

అదేలే, ఒపేరా సంగతి అడిగావు. ఒపేరా అంటే మన పద్యనాటకం లాంటిదే అనుకో. కోపమొచ్చినా పాటే, ప్రాణం పోతున్నా పాటే. స్కూల్లో ఉండగానే మస్కట్‌లో ఒక విదేశీ టీచరమ్మ దగ్గర చేరింది. వారానికోసారి, పోనీలే అనుకున్నాను. అప్పుడు ఇక్కడ మబేలా నుంచి షేరింగ్ టాక్సీలో వెళ్తే ఐదొందల బైసాలు, అంటే అర రియాల్. ఇప్పుడు ఐదొందలంటే డ్రైవరు నవ్వుతాడు.

మొన్న చలికాలంలో ఆవిడ పిల్లలందరితో ఒక ఒపేరా మొదలుపెట్టింది. ఒక రాజు, ఒక రాణి, రాణికి ఒక దాసి. రాజు రాణికి విషం పంపిస్తాడు. అది దాసి తాగి చచ్చిపోతుంది. అంతే కథ, పాడేది మాత్రం గంటలు గంటలు. రాణికి ఒక తెల్లటి పిల్లని తీసుకున్నారు. ఆ పిల్ల పాట అంతంతమాత్రం, నేను విన్నాను. మనదానికి దాసి. అంత కింది గొంతున్న ఆడదానికి దాసో, మంత్రగత్తో, ముసలమ్మో, అంతకుమించి ఇవ్వరంట అందులో. టీచరమ్మ చెడ్డావిడ కాదు సుమా. మెచ్చుకుంటున్నట్టే చెప్పిందంట, దాసి నల్లగా ఉండాలి, నీకైతే మొహానికి రంగు కూడా పుయ్యక్కర్లేదు అని.

నేను ఉల్లిపాయలు కోస్తుంటే వచ్చి చెప్పింది. "అమ్మా, నాకు రంగు పుయ్యక్కర్లేదంట."

నేనేమన్నానో తెలుసా. "మంచిదేగా, మొహం పాడవదు" అన్నాను.

నా వంక చూసింది. ఆ చూపు... సరేలే.

మర్నాడే ఆ ఒపేరాలోంచి తప్పుకుంది. ఆ కథే గంటకి కుదించి, మూడు వేషాలూ నేనే కడతాను, ఒక్కదాన్నే పాడతాను అంది. రాజు కూడానా అన్నాను. ముందు రాజే అంది.

నాకు భయమేసింది సౌమ్యా. ఈ పిల్ల ఎక్కడ బతుకుతుంది, ఎవరు పిలిచి పాడించుకుంటారు. రాజమండ్రిలో నర్సింగ్ సీటు చూసి పెట్టాను. మనకి తెలిసిన అన్నం అదేగా. వాళ్ళ నాన్నకి ఫోన్ చేస్తే, మీ ఇద్దరూ తేల్చుకుని నాకు చెప్పండి అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే.

అంచేత పందెం వేశాను. బర్కా తోటలో మన చర్చి ఫెలోషిప్ పిక్నిక్ ఉందిగా, అక్కడ పాడు. జనం ఆఖరిదాకా కూర్చుంటే నీ ఇష్టం. మధ్యలో లేచిపోతే మాత్రం నర్సింగ్. ఒప్పుకుంది. నేనే గెలుస్తానని నా ధీమా. తెలీని భాషలో గంటసేపు ఎవరు కూర్చుంటారు చెప్పు.

అది చాలదని ఇంకో పని కూడా చేశాను. నవ్వకు. పిక్నిక్‌లో భోజనాల బాధ్యత నాది. పాట మూడున్నరకి. దాసి చచ్చిపోయే పాట నాలుగుంపావుకి వస్తుందని ఇంట్లో సాధన వినీవినీ నాకు తెలుసు. సరిగ్గా ఆ టైముకి బిర్యానీ హండీ మూత తియ్యమని తోటలో రాజన్నకి చెప్పాను. రాజన్నంటే అక్కడ ఖర్జూరం చెట్లకి నీళ్ళు పెట్టే ఆయన, జగిత్యాల వైపు మనిషి. వంటలో మాకు సాయం చేస్తాడు. ఆకలిమీదున్న చర్చి జనాన్ని దమ్ బిర్యానీ వాసనకి ఆపగలిగే పాట ఇంకా పుట్టలేదు అనుకున్నాను. కన్నతల్లిని. చూడు నా బుద్ధి.

ఆ శుక్రవారం అందరూ వచ్చారు. టీచరమ్మ కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. పక్క తోటల్లోంచి రాజన్న రూమ్ వాళ్ళు నలుగురు వచ్చి ఖర్జూరం డబ్బాల మీద కూర్చున్నారు. షారోన్ కాటుకతో మీసం గీసుకుని నా జరీ చీరొకటి పట్టుకుని వచ్చింది. ఉన్నదంతా ఆ చీరే. భుజం మీదేస్తే రాజు. తలమీదికి లాగితే రాణి. నడుముకి బిగిస్తే దాసి. మీసం మాత్రం మూడింటికీ ఉంది, చెరపలేదు. రాణికి కూడా.

నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. తర్వాత గుర్తొచ్చింది, మా ఊళ్ళో మా బాబాయి మీసం తీయించుకుని రాణి వేషం కట్టేవాడు. ఆయన నడుం తిప్పితే ఈలలే ఈలలు. దానికెవరూ సిగ్గుపడలేదే. మా నాన్న హార్మనీ వాయిస్తూ పాడేవాడు. శనివారం నాటకానికి, ఆదివారం చర్చిలో, అదే పెట్టె. పాస్టరు గారు తిట్టేవారు. తిట్టి, మళ్ళీ పందిరి వెనక నిలబడి వినేవారు.

ఎక్కడున్నాను... ఆఁ. మన మార్తమ్మ గారు నా పక్కకి ఒరిగి, "రాజంటే కాస్త రంగుండాలి కదమ్మా" అన్నారు. వెనకనుంచి రాజన్న అందుకున్నాడు. "నలుపైతే రాజు గాడా అమ్మా? మా రాములోరు నలుపే గద." ఆవిడ కుర్చీ జరుపుకుని ముందుకి తిరిగారు.

షారోన్ ఎత్తుకుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ రాజు కోపం తెలుస్తోంది, రాణి భయం తెలుస్తోంది. పిల్లలు ఈతకొలను దగ్గర్నుంచి తడి బట్టల్తో వచ్చి గడ్డిలో కూర్చున్నారు. దాసి పాట మొదలైంది. గిన్నె ఎత్తి తాగింది. పాడుతూ పాడుతూ మెల్లగా ఒరిగిపోయింది. చీర మొహం మీద పడింది.

సరిగ్గా అప్పుడు హండీ మూత లేచింది. ఆ వాసన. ఒక్కొక్క తల అటు తిరిగింది. ముగ్గురు నలుగురు కుర్చీల్లోంచి లేచారు. ఇంకో చిన్న పాట ఉంది, రాజు వచ్చి ఏడ్చేది. అది వినేవాళ్ళు లేరు. నేను గెలిచేశాను. రాజమండ్రి ఖాయం. పిల్ల అక్కడ కింద కళ్ళు మూసుకుని పడుంది, కుర్చీలు జరుగుతున్న చప్పుడు దానికీ వినిపిస్తోంది.

నాకేమైందో తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. "వన్స్ మోర్."

చిన్నగా కాదు. నలభయ్యేళ్ళుగా దాచిపెట్టింది మొత్తం వచ్చింది.

నువ్వు పద్యనాటకం చూసి ఉండవు. అందులో జనం వన్స్ మోర్ అన్నారంటే మళ్ళీ పాడాల్సిందే. యుద్ధంలో చచ్చి పడున్నవాడైనా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం పాడి, మళ్ళీ చచ్చిపోవాలి. మా ఊళ్ళో ఒకాయన ఒకే రాత్రి నాలుగుసార్లు చచ్చిపోయాడు. కానీ ఒపేరాలో అలా అరిస్తే తప్పంట. టీచరమ్మ వేలు పెదాల మీద పెట్టుకుని, అరిచిన మగాడెవడా అని వెనక్కి వెతికింది.

రాజన్న వాళ్ళకి ఆ వేలు సంగతేం తెలుసు. నలుగురూ అందుకున్నారు, వన్స్ మోర్, వన్స్ మోర్ అని. రాజన్న హండీ మూత మళ్ళీ వేసేసి, దానిమీద రాయి పెట్టి, వచ్చి కూర్చున్నాడు. లేచినవాళ్ళు మొహమాటపడి కూర్చున్నారు.

షారోన్ చీర పక్కకి తీసి ఒక కన్ను తెరిచింది. మెల్లగా లేచింది. మీసం సగం చెరిగిపోయింది. ఈసారి ఇంకా కిందనుంచి ఎత్తుకుంది. ఆ శ్రుతిలో అచ్చం మా నాన్న గొంతు సౌమ్యా. నా పిల్ల నోట్లో. పక్కనున్న చెట్టు పట్టుకున్నాను.

మళ్ళీ చచ్చిపోయింది. తర్వాత రాజు ఏడుపు కూడా అందరూ విన్నారు. ఆకలి సంగతి ఎవరూ ఎత్తలేదు. మూత తీసేసరికి బిర్యానీ అడుగంటింది, అది కూడా తిన్నారు. టీచరమ్మ పిల్ల దగ్గరికెళ్ళి, మా కళలో చచ్చినవాళ్ళు లేవరు అంది. షారోన్, మా నాటకాల్లో లేస్తారండి అంది. దానికెలా తెలుసో నాకు తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు. వాళ్ళ నాన్న చెప్పి ఉంటారు.

కారులో వస్తూ అడిగింది. "అమ్మా, అరిచిందెవరు?"

"రాజన్నేమో" అన్నాను.

"రాజన్నకి నీ గొంతెలా వచ్చిందమ్మా?"

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అది స్టీరింగ్ మీదనుంచి ఒక చెయ్యి తీసి నా చేతి మీద పెట్టింది. మబేలా వచ్చేదాకా అలాగే నడిపింది. రెండు చేతుల్తో నడపమని చెప్పాలి నిజానికి. చెప్పలేదు.

ఆదివారం రాజమండ్రి కాలేజీ నుంచి ఫోన్. పాప ఎప్పుడొస్తుందండీ అని. రాదండీ అన్నాను. ఏంటండీ, సంబంధం కుదిరిందా అన్నాడాయన. లేదండీ, రాజు వేషం కుదిరింది అన్నాను. ఆయ్, మంచిదండీ, అని పెట్టేశాడు.

ముందేమవుతుందో నాకు తెలీదు. భయం పోలేదు. పోయిందంటే అబద్ధం. నిన్న సోహార్‌లో ఏదో స్కూలు వాళ్ళు పిలిచారంట, ఆ చీర ఇస్త్రీ చెయ్యమంది, చేశాను. మీసానికి మంచి కాటుక కొనాలి, ఇది చెమటకి ఆగట్లేదు...

లే తల్లీ, నీకు డ్యూటీ బస్సు వచ్చేస్తుంది. ఆ డబ్బాలో పులిహోర పెట్టాను, రూమ్‌లో పిల్లలకి కూడా ఇవ్వు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నువ్వు నోరు తెరిచినప్పుడు వినేవాళ్ళు నీ చుట్టూ ఉండాలి. వెళ్ళిరా, మెట్ల దగ్గర లైటు లేదు, మెల్లగా...