శ్రద్ధ గోళీకి పర్మిషన్ తెచ్చిన మామ

శుక్రవారం భివండీలో మగ్గాలకు సెలవు. ధామన్కర్ నాకా చాయ్ బండి దగ్గర బామ్మర్ది హనుమాండ్లు బల్లెక్కి కోతలు మొదలుపెట్టేసరికి పర్శరాములుకు ఒళ్లు మండింది. తను అడిగింది ఒక్కటే, పని అయిందా లేదా అని.

పర్శరాములు బిడ్డ శ్రద్ధ పరుగుపందెంలో జిల్లా ఫస్టు. మనసు ఒకచోట నిలవదని చిన్నప్పుడే డాక్టరు రోజూ ఒక గోళీ రాశాడు. పోటీల్లో ఆ గోళీ నిషేధం. జబ్బు ఉందని చూపి ముందే అనుమతి తీసుకోకపోతే పిల్ల మోసం చేసినట్టే లెక్క. డాక్టరు కాగితాలు ఇస్తే గడువు లోపల పంపిస్తానని కోచ్ నమ్రత మేడం చెప్పింది. ఆ గడువు ఈ సాయంత్రమే. ఆవిడెందుకు, అనుమతులిచ్చే ఆఫీసులో అంతా మనవాళ్లేనని ఆ కాగితాల కవరు పట్టుకుపోయిన హనుమాండ్లు ఇప్పటిదాకా ఉలకలేదు, పలకలేదు.

"పోయిన శుక్కురారం పోయిన బావా. సాయెబు ముందుగాల కూసో అనలే. గోళి పేరు జెప్పంగనే లేసి కుర్సీ ఇచ్చిండు. ఎన్క ఏమైందో ఎర్కేనా? ఢిల్లీకి ఫోన్ గొట్టిండు, ఢిల్లోళ్లు ఫారిన్‌కు గొట్టిన్రు, ఫారిన్ డాక్టర్లందరు టీవీల కూసున్నరు. గోళి తింటె పొల్ల ఇమానం లెక్క ఉరుకుతదని వాళ్ల అనుమానం. ఉరకది సార్, నేనే తిని సూపెడ్త అన్న."

"తిన్నవా?" అన్నాడు పక్క మగ్గం నడిపే నర్సింగం.

"తిని ఊరవతల కాశేలి దాక ఉరికిన. పోలీసు జీపు గూడ నన్ను అందుకోలే."

"అంటే పని చెడగొట్టినవ్," అన్నాడు పర్శరాములు పళ్లు కొరుకుతూ.

"ఆగు బావా. ఉచ్చ పరీక్ష జేసిన్రు. ఇది గోళి జోరు గాదు, ఈ మనిషి పుట్టుకనే గట్ల అని మిషిన్ జెప్పింది. డాక్టర్లు లేసి దండం బెట్టిన్రు. శ్రద్ధకే గాదు, మన కామత్‌ఘర్ బస్తీ మొత్తానికి పర్మిషన్ ఇచ్చిన్రు."

నర్సింగం గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, పోయిన శుక్కురారం మాపటిదాక నువ్వు గీ బల్ల మీదనే ఉన్నవ్ గదా. మొసలిని తోక బట్టి గుంజిన కత జెప్పినవ్. బావ బిడ్డతోని గ్రౌండుకు పోయిండు, ఆయనకెర్కలేదు. మేమందరం ఈడనే ఉన్నం."

అందరూ నవ్వారు. పర్శరాములుకు ఏడుపొచ్చింది. "కవరేది?" అన్నాడు.

హనుమాండ్లు మెల్లగా లేచాడు. బల్ల తడిగా ఉందని కింద వేసుకుని కూర్చున్నది ఆ కవరే.

పర్శరాములు దాన్ని గుంజుకుని మేడం ఇంటివైపు పోయే షేర్ ఆటో కోసం పరుగు తీశాడు. వెనక నుంచి హనుమాండ్లు గొంతు వినబడుతూనే ఉంది.

"సూసిన్రా, మా బావ ఎట్ల ఉరుకుతుండో. గోళి గూడ తినలే."