చర్చిలో ఎవరూ లేరట

అబ్బే, పరిశుద్ధాత్మ కాదండీ బిషప్ గారూ, థర్మోస్టాట్! పైన గోడ మీద, చర్చిలో వేడి ఎంతుండాలో చూసుకునే ఆ డబ్బా కోసం ఎత్తాను చేతులు. ఎన్నిసార్లు చెప్పమంటారు?

ఉజ్జీవం వచ్చేసిందని, జనానికి భక్తి పొంగిపోతోందని మా పాస్టరమ్మ ఫోన్ చేస్తే మీరు పాపం ఇంత మంచులో కారేసుకుని వచ్చేశారు. మినెసోటాలో, జనవరి నెలలో, లూథరన్లకి ఉజ్జీవమా? పొద్దున్నే కారు స్టార్టయితే చాలు మాకు. ముందు ఆ కాఫీ తాగండి. ఆవిడ పైన పిల్లలతో ఉంది. కిందికి దిగేలోపు చెప్పాల్సింది చెప్పేస్తాను. మీరు మాత్రం ఆవిడతో అనకూడదు. అన్నారో, మళ్ళీ పెట్టె సర్దుతుంది. ఆవిడ పోతే ఈ మూలకి ఇంకెవరొస్తారు చెప్పండి? చర్చికి తాళం పడుతుంది.

మొదట్నుంచీ చెప్తా. ఈ సంఘంలో బిల్డింగు బాగోగులు చూసేది నేనేనని మీకు తెలుసుగా. కప్పు కారినా హాల్వరే, కుళాయి గడ్డకట్టినా హాల్వరే. పాత థర్మోస్టాట్ గుండ్రంగా ఉండేది, తిప్పితే టక్కుమనేది, ఇక్కడ కింద చర్చిని వెచ్చబెట్టే ఫర్నేసు రాజుకునేది. దానికి బుర్ర లేదు, కాబట్టి గొడవా లేదు. నా మరదలు ఒకావిడ ఉంది మినియాపొలిస్‌లో. వాళ్ళింట్లో కొత్తరకం పెట్టించుకుని, మురిసిపోయి, మాకూ ఒకటి కానుకిచ్చింది. స్మార్ట్ అట. చలికాలం వేడి, ఎండాకాలం చల్లదనం, అన్నీ తనే ఆలోచిస్తుందట. కానుకని కాదంటామా?

వైరింగ్ నేనే చేశాను. నవ్వకండి, ఎంత శుభ్రంగా చేశాననుకున్నారు! కింద కరెంటు కట్టేసి, పాతదాన్ని ఊడదీసి చూస్తే గోడలోంచి నాలుగే వైర్లు. ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ. కొత్తదానికి ఐదోది కావాలి. ఎందుకంటే అది పొద్దస్తమానం మేలుకునే ఉంటుంది, దానికి మేత పడుతూ ఉండాలి. ఏం చెయ్యాలా అని గోడ కన్నంలో వేలు పెట్టి కెలికితే, వెనక్కి మడిచిపెట్టి ఉంది ఒక నీలం వైరు! ఎవరో పుణ్యాత్ముడు, ఎప్పటికైనా పనికొస్తుందని వదిలేసి పోయాడు. దాన్ని పైన డబ్బాకీ కింద ఫర్నేసుకీ బిగించి స్విచ్చి వేశాను. వెలిగింది! మా ఆవిడ ఆర్లిస్ వచ్చి చూసి, "పర్లేదు" అంది. ఆవిడ నోట ఆ మాట మా పెళ్ళినాడు విన్నాను, మళ్ళీ అప్పుడే.

ఆ ఆదివారం ఏమైంది? పాస్టర్ మార్లా ప్రసంగం మొదలెట్టింది. ఆవిడది దక్షిణాన అలబామా కదా, అక్కడివాళ్ళు ఒక పట్టాన ఆపరు. సగంలో ఫర్నేసు ఆగిపోయింది. నోళ్ళలోంచి పొగలు. మా ఓర్విల్ నెల్విక్ ముక్కయితే బీట్‌రూట్ అయిపోయింది. ఎవరైనా కిక్కురుమన్నారా? ఊహూఁ. కోటు బొత్తాలు పెట్టుకుని అలాగే కూర్చున్నారు. నేను మెల్లగా లేచి వెళ్ళి చూస్తే, ఆ డబ్బా మీద ఏముందో తెలుసా? 'ఇంట్లో ఎవరూ లేరు. పొదుపు చేస్తున్నాను' అని!

చర్చి నిండా జనమండీ!

వైర్లన్నీ మళ్ళీ బిగించాను. మళ్ళీ ఆదివారం మళ్ళీ అదే. ఆఖరికి ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది. "దానికో కన్నుంటుందండీ. చాలాసేపు ఎవరూ కదలకపోతే ఇల్లు ఖాళీ అనుకుంటుంది" అంది. "ఇల్లు కాదమ్మా, చర్చి" అన్నాను. "అయితే జనం ఉన్నారా?" "ఉన్నారు." "మరి కదలరా?" "ప్రసంగం జరుగుతోంది కదమ్మా, ఎందుకు కదుల్తారు?" ఆ అమ్మాయి భయంభయంగా అడిగింది, "వాళ్ళంతా బాగానే ఉన్నారా అండీ?" అని.

ఏం చెప్పను? మా సంగతి మీకు తెలియనిదా? పాటకి లేస్తాం, పాట అయిపోగానే కూర్చుంటాం. మధ్యలో దగ్గొస్తే ఇంటికెళ్ళి దగ్గుతాం.

ఆ కన్ను ఆపెయ్యొచ్చట, కానీ మంచి ఫోను కావాలట. నాదేమో పాతకాలం మడత ఫోను. సరే, ఎవరో ఒకరు కదిలితే పోలా అనుకున్నాను. వెనక బెంచీల్లో కదిలితే దానికి ఆనదు. మనవాళ్ళంతా వెనకే కదా! అందుకని ముందు బెంచీలో కూర్చున్నాను. అవునండీ, ముందు బెంచీలో! నాకు బుద్ధెరిగాక అక్కడ ఎవరూ కూర్చోగా చూళ్ళేదు. ఆర్లిస్ నా నుదుటి మీద చెయ్యేసి చూసింది.

ప్రసంగం సగానికొచ్చింది. కాళ్ళు జివ్వుమంటున్నాయి. ఈగని తోలినట్టు ఒక చెయ్యి ఊపాను. డబ్బా ఉలకదు, పలకదు. నవంబరులో ఈగేమిటని వెనక ఎవరో గొణిగారు. ఇక లాభం లేదని రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ ఊపేశాను. కింద ధుమ్మంది ఫర్నేసు. నా కాళ్ళకింద జాలీలోంచి వెచ్చటి గాలి బుస్సున లేచింది. సరిగ్గా అప్పుడే పాస్టరమ్మ, ప్రభువు మన మధ్యనే ఉన్నాడు అంటోంది. అదేం టైమింగండీ!

వాళ్ళవైపు దేవుడు తాకినవాళ్ళే అలా చేతులెత్తుతారట. ఆవిడకి కళ్ళనిండా నీళ్ళు.

తర్వాత గుమ్మం దగ్గర నా రెండు చేతులూ పట్టుకుంది. "హాల్వర్ గారూ, ఇన్నాళ్ళూ నేను గోడలకి చెప్తున్నాననుకున్నాను. పెట్టె కూడా సర్దేసుకున్నాను. బిషప్ గారిని వేరే చోటు అడుగుదామనుకున్నాను. ఇక అడగను" అంది. మీరైతే ఏం చేసేవారు? తల్లీ, అది ఫర్నేసు కోసం అని అనగలరా? నేను "సర్లెండి, సర్లెండి" అనేసి పారిపోయాను.

అక్కణ్ణుంచీ ప్రతి ఆదివారం ఇదే తంతు. ఓర్విల్‌కి మాత్రం చెవిలో ఊదాను అసలు సంగతి. వాడి మోకాళ్ళకి చలి పడదు, వాడూ ముందుకొచ్చి ఎత్తడం మొదలెట్టాడు. వాడు ఇంకెవరికి ఊదాడో నాకు తెలీదు. క్రిస్మస్ నాటికి ముందు బెంచీలన్నీ నిండాయి. ఎవరు చలికి ఎత్తుతున్నారో, ఎవరు దేవుడికి ఎత్తుతున్నారో ఎవరికీ అంతుపట్టదు. అడుగుదామా అంటే, మేం ఒకళ్ళనొకళ్ళం అలాంటివి అడగం. ఇవాళ మీరూ చూశారుగా ఆ సంబడం!

ఆఁ? ఏంటీ? ఆ కన్ను ఎలాగోలా ఆపించకపోయావా అనా?

ఆపించేశానండీ.

క్రిస్మస్‌కి ముందే మరదలు వస్తే, తన ఫోన్లో ఏదో నొక్కించి ఆపించేశాను. ఇప్పుడు ఎవరు కదిలినా కదలకపోయినా ఫర్నేసు దాని పని అది చేసుకుపోతోంది. ఓర్విల్‌కి కూడా చెప్పాను, ఇక చేతులెత్తక్కర్లేదురా అని. "అలాగా" అన్నాడు. ఆ పై ఆదివారం మళ్ళీ ఎత్తాడు. నేనూ ఎత్తాను. ఇంటికెళ్తూ దారంతా చేపల గురించే మాట్లాడుకున్నాం.

పాస్టరమ్మ కోసమే ఎత్తుతున్నాననుకున్నాను మొదట్లో. ఉన్నట్టుండి మానేస్తే చిన్నబుచ్చుకుంటుందని. కానీ ఎత్తాలంటే ఎక్కడ ఎత్తాలో తెలియాలా వద్దా? దానికోసం వినాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ ప్రసంగం వేళకి నేను ట్రాక్టరు గురించి ఆలోచించుకునేవాణ్ణండీ, మీ దగ్గర దాపరికమేముంది? పోయిన ఆదివారం ప్రసంగంలో ఆవిడ వాళ్ళమ్మ సంగతి చెప్పింది. కొత్తలో ఆ అమ్మ అలబామా నుంచి ఫోన్ చేసి, "అక్కడ నీకు మనుషులున్నారా తల్లీ?" అని అడిగేదట. ఈవిడ "బోలెడంతమందమ్మా" అని అబద్ధం చెప్పి, ఫోన్ పెట్టేసి, కోటు కూడా విప్పకుండా కూర్చుని ఏడ్చేదట.

నాకు సిగ్గేసింది బిషప్ గారూ. మేం అంతమందిమి ఉన్నాం ఇక్కడ.

అప్పుడు చర్చి వెచ్చగానే ఉంది. నాకైతే చెమట కూడా పట్టింది. చేతులతో పనేం లేదు, ఎత్తుదామని నేను అనుకోనూ లేదు. చూసుకుంటే పైకి లేచి ఉన్నాయి. దించుదామంటే దిగవు. అక్కడితో అయిందా? నోరు కూడా తెరిచాను. "ఉన్నామమ్మా!" అని అరిచాను. ప్రసంగం మధ్యలో, అంతమంది ముందర, గట్టిగా!

గుట్టుగా బతికి గుట్టుగా పోదామనుకున్న లూథరన్నండీ నేను. ఈ వయసులో నాకిదేం ఖర్మ చెప్పండి!