తాతయ్య ఫ్రేము

ఆ రోజు ఇంట్లో ఉన్నది నానమ్మ, మనవరాలు, పోయిన తాతయ్య కళ్ళజోడు.

“బంగారంలాంటి జోడుండగా కొత్తదెందుకే? ఇదే పెట్టుకో.”

“అది తాతయ్య పేపరు చదివే జోడు నానమ్మా. నాకు బోర్డు మీద అక్షరాలు కనపడట్లేదు.”

“మీ అక్క చెప్పులు నువ్వు తొడుక్కోవట్లేదా?”

“చెప్పులు వేరు, చూపు వేరు. ఫ్రేము మనదైతే కంటి ఆసుపత్రి కొట్లో అద్దాలు చవగ్గా వేసిస్తారట. పట్టుకెళ్తున్నా.”

“ఆయన చూసిన అద్దాలు పీకించేస్తావా? నీకెన్ని గుండెలే!”

“అద్దాలు నీకే తెచ్చిస్తాను, దాచుకో. ఫ్రేము మాత్రం నాక్కావాలి.”

“ఆ జోడు పెట్టుకుని నాకు మొహం చూపించకు!”

మనవరాలు కళ్ళజోడు గుప్పిట్లో బిగించి మెట్లు దిగింది.

“ఇక్కణ్ణుంచి నీ మొహమే మసగ్గా ఉంది నానమ్మా. వచ్చాక ముందు నిన్నే చూస్తాను.”

నానమ్మ ధడాలున తలుపు వేసేసింది.