బాయిలర్ ఎవరి చార్జిలో ఉంది

బడి వదిలేశాక ఖాళీ అయిన తరగతి గది. బల్లకి ఇటు ఇంగ్లీషు టీచరు, అటు ఆమె తండ్రి. ఆయన ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో బాయిలర్ చూసే మనిషి.

“ఇది నువ్వే రాశావా?”

“నేనే. డిక్షనరీ పక్కన పెట్టుకుని మరీ రాశాను. నవ్వకు.”

“నవ్వడం లేదు నాన్నా. ‘ఐ నో చార్జి’ అని రాశావు. చదివినవాడు నువ్వు డబ్బులు తీసుకోకుండా ఊరికే పని చేసిపెడతావనుకుంటాడు.”

“ఇన్నేళ్లూ చేసింది దాదాపు అదేలే. కానీ నేను చెప్పదల్చుకుంది అది కాదు.”

“మరేంటి?”

“ఆ టైముకి బాయిలర్ నా చార్జిలో లేదు అని. పోనీ ‘చార్జ్‌డ్’ అని పెడితే?”

“పెట్టు. నీ మీద కేసు పెట్టారని వాళ్లే చదువుకుంటారు.”

“దీని దుంప తెగ. ఒక్క మాటకి ఇన్ని వేషాలా?”

“ఇంకా ఉన్నాయి. ఫోనుకి ఎక్కించేదీ చార్జే, ఎద్దు మీదికి ఉరికేదీ చార్జే. పక్కన ఏ మాట నిలబెడితే ఆ అర్థం. ఈ గదిలో రోజూ ఇదే చెప్పి చస్తున్నాను, ఒక్కడూ సరిగ్గా రాసి చావడు.”

“అందుకేగా నీ దగ్గరికొచ్చాను. రేపు పదింటికి విచారణ. పై ఆఫీసు నుంచి వచ్చేవాళ్లకి మన మాట రాదు. నోటితో ఎంత మొత్తుకున్నా లాభం లేదు, కాగితం మీద ఏముంటే అదే.”

“ఇంటికి రావచ్చుగా. ఇంత దూరం బడికెందుకు?”

“ఇటు పనుండి వచ్చాను.”

“ఇటు నీకేం పని?”

“ఏదో ఒకటిలే. రాయి.”

“ఆగు. ఆ ఇస్త్రీ అమ్మాయి చేతులు కాలింది నీ షిఫ్టులోనా? అక్కడే పనిచేసే మా ఆయన, ‘మామయ్య షిఫ్టు కాదు’ అన్నారే.”

“అల్లుడు అలా అన్నాడా?”

“నేను గుచ్చి గుచ్చి అడిగితే అదే అన్నారు.”

“కంగారు పడతావని అనుంటాడు. రాయమ్మా, టైమవుతోంది.”

“ఏం జరిగిందో చెప్పకుండా ఏం రాయను? మొదట్నుంచి చెప్పు.”

“ఏముంది చెప్పడానికి. రెండు దాటింది, నేనింకా తినలేదు. ఒకతను వచ్చి, మీరు వెళ్లి తినేసి రండి, పది నిమిషాలు నేను చూస్తాను అన్నాడు. తాళాల గుత్తి అతని చేతిలో పెట్టి వెళ్లాను. క్యారియర్ మూత తీశానో లేదో హాల్లోంచి కేక. ఆ పిల్ల ఆవిరితో వేడెక్కే ఇస్త్రీ రోలర్ కింద చేతులు పెట్టి, దానికి అంటుకున్న మైనం గోకుతోంది. ఆవిరి వదిలేముందు గంట మూడుసార్లు కొట్టాలి. హాల్లోంచి ‘సరే’ అని వినపడ్డాకే వాల్వు తిప్పాలి. గంట కొట్టలేదు. రెండు చేతులూ మోచేతుల దాకా... వద్దులే. నువ్వు వినలేవు.”

“ఇప్పుడెలా ఉంది?”

“కట్లు కట్టి పడుకోబెట్టారు. చూద్దామని వెళ్తే వాళ్లమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేనే చేశానని ఆవిడకెవరో చెప్పారు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరో.”

“నాన్నా, తాళాలు తీసుకున్న ఆ ఒకతను ఎవరు?”

“మనవాడే. పని వచ్చినవాడే. ఏదో పరధ్యానంలో ఉన్నట్టున్నాడు పాపం.”

“పేరు లేదా మనవాడికి?”

“పేర్లు రాయకూడదు. కొత్త యాజమాన్యం వచ్చాక అంతా నంబర్లే. రెండు నెలలైంది, అందరికీ నంబరున్న కొత్త ఇత్తడి బిళ్ళలిచ్చారు.”

“సరే, నంబరే చెప్పు.”

“‘ఒకతను’ అని రాస్తే కుదరదా ఇంగ్లీషులో?”

“కుదురుతుంది. చదివినవాడు నువ్వే కల్పించావంటాడు. చూడు, ‘ఇన్ చార్జి ఆఫ్’ అని రాస్తే మనిషి ముందు, బాయిలర్ వెనక. మధ్యలో ‘ద’ పెడితే తారుమారు: బాయిలర్ ముందు, అది ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి వెనక. ఎటు తిప్పి రాసినా ఒక మనిషి కావాలి.”

“మనిషి లేకుండా రాసే మాట ఇంకేదైనా ఉందేమో చూడు.”

“ఎవర్ని కాపాడుతున్నావు నువ్వు?”

“చిన్నవాడమ్మా. పెళ్లాం ఉంది. ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నారు.”

“నీ లైసెన్సు పోతుంది. ఉద్యోగం పోతుంది. ఈ వయసులో పోలీసు స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటావు. ఆ మహాతల్లి మాత్రం మొగుడు బయటపడ్డాడని కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది.”

“ఆ అమ్మాయినేమీ అనకు. తనకేం తెలియదు.”

“ఎందుకు తెలియదు? మొగుడి మొహం చూస్తే తెలీదా? అన్నీ తెలిసే నోరు మూసుకుని ఉంటుంది. ఇలాంటివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.”

“తెలియదని చెప్తున్నానా. ఊరుకో.”

“నా మీద కోపమెందుకు మధ్యలో?”

“కోపం లేదు. రాయి.”

“అతను నీ దగ్గరికొచ్చి ఒప్పుకున్నాడా, అది చెప్పు.”

“ఆసుపత్రి మెట్ల మీద కనిపించాడు. తల ఎత్తలేదు. పలకరిద్దామని దగ్గరికి వెళ్తే అటునుంచి అటే వెళ్లిపోయాడు. అంత సిగ్గుపడ్డవాడు రేపు తనంతట తానే చెప్తాడు. నేను ముందే నంబరు రాసి ఇస్తే, ఆ కాస్త మర్యాదా దక్కదు అతనికి.”

“చెప్పకపోతే?”

“చెప్తాడు. ఆ మనిషి సంగతి నాకు తెలుసు.”

“తాళాలు అతని దగ్గరుంటే మరి నిన్నెందుకు పట్టుకున్నారు?”

“బిళ్ళ వల్ల. బాయిలర్ గది తలుపు పక్కన ఒక మేకుంటుంది. ఎవరి బిళ్ళ దానికి వేలాడితే బాయిలర్ వాళ్ల చార్జి. మారాలంటే పుస్తకంలో ఇద్దరం సంతకాలు పెట్టి, నాది తీసి అతనిది తగిలించాలి. పది నిమిషాల తిండికి ఎవడు చేస్తాడమ్మా అవన్నీ? అందరం అలాగే వదిలేసి వెళ్తాం. బిళ్ళలు మారాయి గానీ అలవాటు మారలేదు. ఆ రోజూ మేకుకి నాదే ఉంది.”

“మేకుకున్నది నీ బిళ్ళా? ఇంకొకరిదని విన్నానే. సరే, అది కూడా రాద్దాం. దాచడం ఎందుకు? బిళ్ళ నాదే, తాళాలు మాత్రం ఇంకొకరికి ఇచ్చాను అని. ఉన్నదున్నట్టు రాస్తే నీ మాట నమ్ముతారు. నీ నంబరెంత?”

“నలభై ఒకటి.”

“ఎంత?”

“నలభై ఒకటి. ఇదిగో, చూడు. ఏంటమ్మా, పెన్ను పెట్టేశావు?”

“తాళాలు తీసుకున్నది పన్నెండో నంబరా?”

“నీకా నంబరెలా తెలుసు?”

“అవునా కాదా చెప్పు నాన్నా.”

“నీ సంసారం బాగుండాలనే చెప్పలేదు తల్లీ. కుర్రాడు, పొరపాటు జరిగిపోయింది. నువ్వు ఇంటికెళ్లి నిలదీయకు. ఈ ఒక్కరోజు ఓర్చుకో. రేపు తనే వచ్చి...”

“చెప్పడు.”

“చెప్తాడు. తనంతట తాను చెప్తేనే...”

“చెప్పడు నాన్నా. కాగితం నిన్ననే ఇచ్చేశాడు.”

“ఇచ్చేశాడా? ఏమని?”

“పన్నెండో నంబరు ఆ టైముకి గేటు దగ్గర బండిలో మూటలెక్కిస్తున్నాడని. బాయిలర్ నలభై ఒకటో నంబరు చార్జిలో ఉందని, మేకుకున్న బిళ్ళే సాక్ష్యమని. గంట కొట్టకుండా వాల్వు తిప్పింది నలభై ఒకటేనని.”

“అలా రాశాడా... అల్లుడికి అంత ఇంగ్లీషు ఎక్కడిది?”

“లేదు.”

“మరి?”

“నలభై ఒకటి ఎవరని అడిగాను. ఎవడో తాగుబోతు, నీకు తెలీదులే అన్నాడు. ఆ పిల్ల చేతులు కాల్చినవాడు తప్పించుకోకూడదని, ఎటూ కదలకుండా నేనే రాశాను నాన్నా. రెండుసార్లు దిద్దాను. ఒక్క తప్పు కూడా లేదు.”