మూత కింద లేనిది

తండ్రి కారు బానెట్ ఎత్తి లోపల వేళ్ళతో తడుముతున్నాడు. కూతురు వెనక దాచుకున్న గుప్పిటకి చెమట పట్టింది.

“కాయిల్ బాగుందమ్మా. బ్యాటరీ కరెంటుని వేల వోల్టులు చేస్తోంది. నిప్పురవ్వ టప్పుమంది, విన్నావుగా?”

“మరెందుకు స్టార్టవదు నాన్నా?”

“ఆ కరెంటు నాలుగు ప్లగ్గులకీ అందాలిగా? డిస్ట్రిబ్యూటర్‌లో గిర్రున తిరుగుతూ పంచిపెట్టే రోటరే లేదు.”

“ఎక్కడో పడిపోయిందేమో.”

“మూత కింద ఉండేది ఎలా పడుతుందే? మసక నా కళ్ళకి, వేళ్ళకి కాదు. తీసింది నువ్వే. ఇలా ఇవ్వు.”

“ఇవ్వను. నిన్న నువ్వు మలుపు తిప్పుతుంటే, సైకిల్ మీది పిల్ల వెంట్రుకవాసిలో బతికిపోయింది.”

చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఏ పిల్లే?”