గురకలో తప్పిన తాళం

నూకరత్నం సన్నాయి ఊదుతా ఊదుతా నిద్రపోయిందంటే నమ్ముతారా? నమ్మరు. నిద్రపోయి, ఆ సన్నాయిలోంచే గురకెట్టిందంటే? అదిగో, నవ్వుతున్నాడు చూడండి ఒకడు. నవ్వరా నవ్వు. అబద్ధమనుకునేవాడు ఇప్పుడే లేచి ఎల్లిపోవచ్చు, మధ్యలో మాత్రం అడ్డు తగలకూడదు. ఆ మేళంలో డోలు వాయించింది ఎవరనుకున్నారు? నేనే, ఈ సత్తెమే! కాలవకి ఈ గట్టున నేను దెబ్బేస్తే ఆ గట్టున కొబ్బరికాయలు రాలేవి. కాయల దింపుడికి మనుషుల్ని పెట్టుకోవడం మానేశారు జనం, సత్తెంగారొస్తే చాలనేవారు.

ఈ నూకరత్నం మా మేళంలో సన్నాయి ఊదే కామేశం కూతురు. పదిహేనేళ్ళ పిల్ల. తండ్రి పక్కన కూచుని ఊదిందంటే తండ్రి ఊదుతున్నట్టే తెలిసేది కాదు. అలాంటి పిల్ల, ఏవైందంటే, పగలు కూడా కునికిపాట్లు పడతా ఉండేది. అన్నం కంచం ముందు నిద్ర, బస్సులో నిల్చుని నిద్ర. ఆ పెళ్ళి చూడండి, పొద్దున్న పది గంటల ముహూర్తం, ఎండ ఫెళ్ళున కాస్తంది. జీలకర్రా బెల్లం అయిపోయింది, సూత్రం పెళ్ళికొడుకు చేతిలో ఉంది. పంతులుగారు "గట్టిమేళం! గట్టిమేళం!" అని చెయ్యూపుతున్నారు. ఆ పూట కామేశానికి జలుబు, ఊదాల్సింది పిల్లే. పిల్లేమో పందిరి రాటకి జారబడి, సన్నాయి పెదాల మీదే పెట్టుకుని, "గుర్ర్ర్... పీఁ... గుర్ర్ర్... పీఁ..." పెళ్ళికూతురికి నవ్వాగక తల వంచేసింది. నేను కాబట్టి ఒక్కణ్ణే నలుగురు డోలుగాళ్ళ వాయింపు వాయించి ఆ మూడు ముళ్ళూ గట్టెక్కించాను అనుకోండి.

కామేశానికి తల కొట్టేసినట్టయింది. "ఇంక దీని చేతికి సన్నాయివ్వను బావా, మా తమ్ముడి కొడుక్కిచ్చేస్తాను, ఈ నిద్రమొహం ఇంట్లో కూచుంటది" అన్నాడు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మావయ్యా, నేను కావాలని నిద్రపోవట్లేదు, రాత్రి ఎంత పడుకున్నా పడుకున్నట్టే ఉండదు" అంది. కామేశం "రాత్రంతా ఇల్లెగిరిపోయేలా గురకెడతది, అంత సుఖమైన నిద్ర రాజులకి కూడా ఉండదు!" అని కసిరాడు.

భోజనాలయ్యాక విడిదింట్లో ఆ పిల్ల చాప మీద పడుకుంది. నేను పక్కనే తమలపాకులు నవులుతున్నాను. మీ చెవులకైతే అది ఉత్త గురకే. నా చెవి చీమ నడకలో కూడా తాళం పట్టే చెవి కదా! విన్నాను. పైన గుర్రు గుర్రు, కింద సన్నగా పిల్లికూతలు. గుర్రు, గుర్రు, కీచు. గుర్రు, గుర్రు, కీచు. ఆ తర్వాత ఏవీ లేదు. ఖాళీ. వేళ్ళ మీద లెక్కెట్టాను, ఒకటి, రెండు, మూడు... పన్నెండు దెబ్బల ఖాళీ! అప్పుడు హుఫ్ఫని ఎగిరిపడి మళ్ళీ గుర్రు. నా నోట్లో తాంబూలం నోట్లోనే ఉండిపోయింది. "ఒరే కామేశం, ఇది నిద్ర కాదురా, పిల్లకి ఊపిరి ఆగిపోతందిరా!" అన్నాను. "నీకన్నీ తాళాలే బావా" అన్నాడు. "డాక్టరు చూసేదాకా ఆ సన్నాయి ఇంకోడి చేతిలో పెట్టావో, నా డోలు నీ గుమ్మంలో దింపేసి మళ్ళీ ముట్టుకోను" అన్నాను. నేను లేని మేళం మేళమేంటండీ! దెబ్బకి దిగొచ్చాడు.

పట్నంలో డాక్టరమ్మ దగ్గరికి డోలు మెడలో వేసుకునే ఎల్లాను. "జబ్బెవరికండీ?" అంది. "ముందు ఇనండమ్మా" అని ఆ గురక మొత్తం డోలు మీద వాయించేశాను. మొదట నవ్వింది. ఖాళీ దగ్గరికొచ్చేసరికి నవ్వాపి చేతి గడియారం చూసుకుంది. "మళ్ళీ వాయించండి" అంది. వాయించాను. "పిల్లకి ఉబ్బసం ఉందా?" అనడిగింది. కామేశం గొణిగాడు, "చిన్నప్పట్నుంచీ ఉందండి. పీల్చే మందు అలవాటైపోద్దని నేనే మానిపించేశానండి." ఆవిడ లేచి నిలబడింది. "సన్నాయి ఊదే పిల్లకి ఊపిరి దారి మీరే మూసేశారా? ఉబ్బసమూ ఈ గురకా తోడికోడళ్ళండీ, ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి!" అని గట్టిగా చీవాట్లు పెట్టింది.

ఒక రాత్రి పిల్లని ఆస్పత్రిలో పడుకోబెట్టి వంటినిండా తీగలు తగిలించి చూశారంట. నా లెక్క ఒక్క దెబ్బ కూడా తప్పలేదంట! ముక్కు ఎనకాల పెరిగిన కండ తీసేశారు, పీల్చే మందు రోజూ మానకూడదన్నారు. రెండు నెలలకి పిల్లికూతలు పోయాయి, గురకా పోయింది. ఇంట్లో ఎవరికీ నిద్రపట్టలేదంట, అంత నిశ్శబ్దం అలవాటు లేక.

వైశాఖంలో కోటిపల్లి దగ్గర పెళ్ళి. కామేశం తనే సన్నాయి తుడిచి, "ఊదమ్మా" అని కూతురి చేతికిచ్చాడు. పంతులుగారు గట్టిమేళం అన్నారో లేదో అందుకుంది చూడండి, మూడు ముళ్ళు పడ్డాయి, తలంబ్రాలు పోసుకున్నారు, బంతిలో ఆకులేసేశారు, ఇంకా అదే ఊపిరి! "బావా, ఇంక ఆపమనవోయ్" అన్నాడు కామేశం, కళ్ళు తుడుచుకుంటా. "నీ కూతురు, నువ్వే చెప్పుకో" అన్నాను. నా చేతులు నొప్పెట్టాయి. నా చేతులండీ!

నమ్మకపోతే కోటిపల్లి రేవులో పడవ నడిపే పంతం కొండయ్యనడగండి, ముందు వరసలోనే కూచున్నాడు. ఆ రోజు తానొక్కడే నలభై కాజాలు తిన్నానని కూడా చెప్తాడు, అది మాత్రం నమ్మకండి. వాడికి గొప్పలు చెప్పుకునే జబ్బు.